పై ఇంటి గొట్టం, కింది ఇంటి కంపు

"తలుపు తియ్యవే యాంగ్‌సూన్! ఎనభై క్యాబేజీలు ఉప్పునీళ్ళలో నానిపోతున్నాయి!"

యాంగ్‌సూన్ తలుపు తియ్యలేదు. గ్లాసుడు బార్లీ నీళ్ళు తెచ్చుకుని, కుర్చీని తలుపుకి ఎదురుగా లాక్కుని కూర్చుంది. ఆ గొంతు తనని బతిమాలుతుంటే వినాలని రెండేళ్ళుగా కాచుకుని ఉంది. అంతకాలం కాచుకున్నది నిలబడి వినడం దేనికి?

"లోపలే ఉన్నావని తెలుసు! రేడియో వినిపిస్తోంది!"

"మీరూ వినిపిస్తున్నారక్కా. అయిదంతస్తులకీ వినిపిస్తున్నారు. చెప్పండి."

పై వాటాలో ఉండే తోడికోడలు బోంగిమ్ కింది వాటాకి కబురు చెప్పాలంటే మెట్ల మలుపులోనే ఆగి కేకేస్తుంది. గడప దాకా దిగదు. ఇవాళ దిగింది, అదీ తడి పాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని.

"తెల్లారి తొట్టి బిరడా తీశానే. నీళ్ళు కిందికి పోతేనా! పైపెచ్చు నేల జాలీలోంచి తన్నుకొచ్చి చీలమండల దాకా నిలిచాయి. ఇంకో గంటలో కడిగి వార్చకపోతే క్యాబేజీలు ఉప్పు గడ్డలైపోతాయి. పదింటికి వదిన వస్తుంది. అయిదిళ్ళకి చలికాలమంతా సరిపోయే కిమ్‌చి పచ్చడి, తెలుసు కదా!"

"ఎందుకు తెలీదు? రెండేళ్ళ కిందటి దాకా ఆ అయిదిళ్ళలో మాదీ ఒకటే."

ఈసారి మగ గొంతు వినిపించింది. "అమ్మా, నా పేరు పేంగ్. పైపుల మేస్త్రిని. పైన తీగ దూర్చి చూశాను, అడ్డు అక్కడ లేదు. వాళ్ళ గొట్టం మీ స్నానాలగది కప్పులో ఉంది. మీరు తలుపు తీస్తేగానీ పని కాదు."

ఆ భవంతిలో ఎవరి గొట్టం వాళ్ళింట్లో ఉండదు. కింది వాళ్ళ నెత్తి మీద, ఉత్తుత్తి కప్పు వెనకాల వేలాడుతూ ఉంటుంది. అందుకే ఇంగితం ఉన్నవాళ్ళు పండక్కి కింది వాటాకి ఓ బేరిపళ్ళ పెట్టె పంపిస్తారు. బోంగిమ్ ఏనాడూ పంపలేదు. తోడికోడలికి మర్యాదేమిటని ఆమె లెక్క.

"మేస్త్రిగారొక్కరే లోపలికి రండి," అంది యాంగ్‌సూన్ గొలుసు తీస్తూ. "అక్కా, మీరు అక్కడే ఉండండి. మా ఇంట్లో కంపు మీకు పడదుగా."

బోంగిమ్ ముఖం మీదే తలుపు పడింది.

యాంగ్‌సూన్ స్నానాలగదిలో నేల మీద బేసిను ఉంది. తెల్లవారుజామున కప్పులోంచి గోధుమరంగు చుక్కలు పడుతుంటే ఆమే పెట్టింది. పెట్టి, వంగి, వాసన చూసింది. చూసి అలాగే నేల మీద కూలబడిపోయింది. ఆ వాసన ఆమెకు కొత్తది కాదు. రెండేళ్ళపాటు దాంతో కాపురం చేసింది.

అత్తగారు ఆఖరి రోజుల్లో ఈ ఇంట్లోనే ఉంది. మంచం మీద ఉన్న మనిషికి ఒళ్ళు తుడవడం, గుడ్డలు మార్చడం, గంజి తాగించడం అన్నీ యాంగ్‌సూనే. ఎంత చేసినా ఇంట్లో ఏదో మురుగు కంపు. వెనిగర్ పోసి కడిగింది, కాఫీ పొడి చల్లింది, పరుపు మార్చింది, గోళ్ళు అరిగేలా నేల తోమింది. కంపు పోలేదు. బోంగిమ్ ముక్కు మూసుకుని వచ్చి చూసి వెళ్ళి, ఆడపడుచు జోమ్‌రే చెవిలో వేసింది: "అమ్మని పెంటలో పడుకోబెడుతోంది వదినా, చూడలేకపోతున్నా."

వారం తిరక్కుండా ముసలావిడను సంరక్షణ ఆసుపత్రిలో చేర్చారు. నలభై ఒక్క రోజులు "ఇంటికెప్పుడే యాంగ్‌సూన్" అని అడిగి, అక్కడే పోయింది.

అంత్యక్రియల నాడు యాంగ్‌సూన్ అందించిన సూపు గిన్నెను జోమ్‌రే అందరి ముందూ తోసేసింది. "కన్నతల్లిలాంటిదాన్ని కంపులో కుళ్ళబెట్టిన చెయ్యి అది, ఆ చేతి కూడు నాకొద్దు," అంది. అప్పట్నుంచి ఆ ఇంటి కిమ్‌చిలో యాంగ్‌సూన్ చెయ్యి పడనివ్వలేదు. ఆడదాని చేతిలోనే రుచి ఉందని నమ్మే మనుషుల మధ్య అంతకన్నా పెద్ద వెలి ఉండదు. పచ్చడి తినకపోయినా బతకొచ్చు, ఆ మాట మింగి బతకడమే కష్టం.

మేస్త్రి నిచ్చెన వేసుకుని కప్పులో ఉన్న చదరపు మూత పక్కకి జరిపాడు. గుప్పున కంపు కిందికి దిగింది. పని చేసీ చేసీ ముక్కు మొద్దుబారినవాడే, అయినా మొహం తిప్పుకున్నాడు.

"నిచ్చెన అవతలి వైపు మెట్లెక్కి మీరే చూడండమ్మా. ఈ గొట్టం ఆ గోడ నుంచి ఈ గోడకి వాలుగా రావాలి. బారెడుకి వేలెడంత వాలు ఉంటే చాలు, నీళ్ళు వాటంతటవే పోతాయి. పై పలకకి నాలుగు ఇనప పట్టీలతో వేలాడగట్టారు. అందులో రెండు తుప్పు పట్టి తెగిపోయాయి. మధ్యలో చూశారా, ఎలా పొట్టేసుకుందో."

టార్చి వెలుగులో యాంగ్‌సూన్ చూసింది. గొట్టం నడుమ జారి, మూటలు మోసిన బట్టల తాడులా వంగి ఉంది. మేస్త్రి దాని మీద రసమట్టం పెట్టాడు. గాజులోని బుడగ వెళ్ళాల్సిన వైపు వెళ్ళకుండా అవతలి కొసకి పరిగెత్తింది.

"ఈ పొట్టలో ఎప్పుడూ నీళ్ళు నిలిచే ఉంటాయి. జుట్టూ, సబ్బు మడ్డీ, జిడ్డూ అన్నీ దిగి గట్టిపడతాయి. రోజూ కాసిని నీళ్ళే కాబట్టి మెల్లగానైనా పోయాయి. ఇవాళ తొట్టెడు ఉప్పునీళ్ళు, ఆకు ముక్కలతో సహా ఒక్కసారి వదిలారు. ఇంకేం పోతాయి? అతుకు విడింది, కారుతోంది." ఆమె వైపు తిరిగి అడిగాడు. "పైన నీళ్ళు వదిలినప్పుడు మీకు గళగళమని చప్పుడు వచ్చేదా? ఎవరూ వాడనప్పుడు కూడా వాసన వేసేదా? కప్పు మీద పసుపు మరక ఏమైనా?"

"వచ్చేది. వేసేది. ఉంది," అంది యాంగ్‌సూన్. మూడు మాటలూ మూడు రాళ్ళలా పడ్డాయి. "ఎన్నేళ్ళదంటారు?"

"ఈ తుప్పు చూస్తే నాలుగైదేళ్ళ కిందటిదే. నిన్నామొన్నటిదైతే కాదు."

నాలుగైదేళ్ళు. యాంగ్‌సూన్ మెల్లగా నిచ్చెన దిగింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు. వచ్చింది మాత్రం సంతోషం, కడుపు నిండా, కళ్ళు ఎర్రబడేంత సంతోషం. కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారు. ఆమెకు మాత్రం బోంగిమ్ క్యాబేజీలే తీర్చాయి.

తలుపు బార్లా తీసింది. "రండక్కా. ఇప్పుడు రండి."

బోంగిమ్ గబగబా లోపలికొచ్చి, స్నానాలగది గుమ్మంలో ఆగి, అలవాటు ప్రకారం ముక్కు దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళింది.

"చెయ్యి దించండి," అంది యాంగ్‌సూన్. "మీ ఇంటిదే. సొంత వాసనకి ముక్కు మూసుకుంటే ఎలా?"

"మొదలుపెట్టావా? మేస్త్రిగారూ, మీరు పని కానివ్వండి."

"ఆయన చెయ్యి కూడా వెయ్యరు. ఇది నా కప్పు. నేను చెప్పేదాకా ఆగుతారు."

మేస్త్రి ఇద్దరినీ చూసి, టార్చి ఆర్పి, సంచీలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళ తగాదాల కింద గొట్టాలు బిగించి ఆరితేరినవాడు.

"ఏం కావాలే నీకు?" అంది బోంగిమ్ పళ్ళ బిగువున.

"పదింటికి వదిన వస్తారుగా. ఆవిణ్ణి ఇక్కడికి తీసుకొచ్చి, ఈ మూత కింద నిలబడి చెప్పండి. 'ఆ కంపు మా గొట్టానిది, యాంగ్‌సూన్ చేతిది కాదు, అమ్మని దాని చేతుల్లోంచి లాక్కుపోయింది నా నోరే' అని. అచ్చం అవే మాటలు."

"నాకేం తెలుసు గొట్టం జారిందని? తెలిస్తే బాగు చేయించనా?"

"తెలీనప్పుడు నోరు మూసుకోవాల్సింది. తెలీకుండానే పెంటలో పడుకోబెట్టానన్నారే!"

"పగ తీర్చుకోడానికి ఇంకో రోజు దొరకలేదా నీకు? కిమ్‌చి రోజే కావాలా?"

"రోజు నేను ఎంచుకోలేదక్కా. మీ గొట్టమే ఎంచుకుంది."

మూత అంచు నుంచి మరో నాలుగు చుక్కలు రాలాయి. బోంగిమ్ గోడ గడియారం చూసింది, తోడికోడలి ముఖం చూసింది. బోంగిమ్ మొగుడు, చుట్టాలొచ్చే రోజు అన్ని ఇళ్ళలోనూ జరిగేదే, తెల్లారగానే స్నేహితులతో కొండెక్కడానికి వెళ్ళిపోయాడు. చెయ్యందించే దిక్కు లేదు.

"సరే. అంటాను," అంది.

ఇంత సులువుగా ఒప్పుకుంటుందని యాంగ్‌సూన్ అనుకోలేదు. గంటసేపు ఏడిపించాలని కూర్చుంది. చేతిలో బెత్తం ఉండగానే దెబ్బలు అయిపోయినట్టు అనిపించింది.

"అంటాను గానీ," బోంగిమ్ గొంతు తగ్గించింది, "మరీ లోతుకి తవ్వకు. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచి మీరు చూసింది చాల్లెండి. మేస్త్రిగారూ, కానివ్వండి."

మేస్త్రి మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమాడు. "ఇదేమిటి? ఇక్కడెవరో తాడు కట్టారే!" అన్నాడు. "తెగిన పట్టీ చోట నీలం ప్లాస్టిక్ తాడు. ఇది మా పనివాళ్ళు చేసే పని కాదమ్మా. మావాళ్ళయితే కొత్త పట్టీ వేస్తారు. కట్టినాయన మంచివాడే పాపం, గొట్టం కోసుకుపోకుండా కింద గుడ్డ కూడా మడిచి పెట్టాడు. తాడు సాగింది, గొట్టం మళ్ళీ దిగింది, అంతే."

"ఎప్పుడు కట్టారు? నేను ఎవర్నీ రానివ్వలేదే!"

"ఈ మూత మీ ఇంట్లోనే ఉంది. కట్టిందెవరైనా మీ ఇంట్లోంచే ఎక్కాలి," అంటూ మేస్త్రి తాడు కింద నుంచి గుడ్డ కొస లాగి టార్చి వేశాడు.

లేత నీలం గుడ్డ. చొక్కా చెయ్యి. మణికట్టు దగ్గర పట్టీకి ఆకుపచ్చ దారంతో కుట్టు.

నీలం దారం అయిపోతే ఆ రోజు ఆకుపచ్చ దారంతో యాంగ్‌సూనే కుట్టింది. బస్సు నడిపే మొగుడి పాత యూనిఫాం. ఆ చొక్కా ఏమైందని వారం రోజులు వెతికింది కూడా. "ఏమో, డిపోలో పోయిందేమో," అన్నాడు గ్వాంగ్‌తే.

ఆమె వెనక్కి తిరిగింది. బోంగిమ్ నేల వైపు చూస్తోంది.

"మీకు తెలుసు."

బోంగిమ్ మడిచిన పాంటు అంచు కిందికి లాక్కుంది.

"గొట్టం జారిందని తెలీదన్నారే ఇందాక!"

"చెప్పానుగా, లోతుకి తవ్వొద్దని," అంది బోంగిమ్. గొంతులో వెటకారం లేదు. అది లేనందుకే యాంగ్‌సూన్‌కి భయం వేసింది.

"తాడు తియ్యకండి మేస్త్రిగారూ. గుడ్డ కూడా ఉన్నచోటే ఉండనివ్వండి. ఎవ్వరూ దేన్నీ ముట్టుకోకండి."

"అమ్మా, ఆ క్యాబేజీలు..."

"ఉప్పులోనే ఉండనివ్వండి."

తొమ్మిదింపావుకి గ్వాంగ్‌తే వచ్చాడు. పొద్దుటి డ్యూటీ దిగి, కిమ్‌చిలో కలపడానికి పై ఇంటివాళ్ళు తెమ్మన్న ఆల్చిప్పల మాంసం సంచీ పట్టుకుని, ఈల వేసుకుంటూ. గుమ్మంలో బూట్లు విప్పుతూ లోపలున్న నిచ్చెన చూశాడు. తెరిచిన మూత చూశాడు. ఈల ఆగిపోయింది.

మేస్త్రి, బోంగిమ్ వంటగదిలోకి తప్పుకున్నారు. భార్యాభర్తలిద్దరూ బేసినుకి చెరోవైపు నిలబడ్డారు.

"ఎప్పుడు కట్టారు?" అంది యాంగ్‌సూన్.

దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు గ్వాంగ్‌తే. నోట్లో నాలుక లేని మనిషని బంధువులందరికీ తెలుసు. ఆ నాలుక ఎక్కడ దాచాడో ఆమెకు ఇవాళే తెలిసింది.

"అడుగుతున్నాను."

"అమ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉందే, నువ్వు తోడున్నావు... ఆ వారం. నీళ్ళు కారితే మూత తీసి చూశాను. అన్నయ్యకి చెప్పాను. పైన గచ్చంతా పగలగొట్టాలేమో, నాన్న తద్దినం అయ్యాక చూద్దాం, అంతదాకా కట్టి ఉంచమన్నాడు. కట్టాను."

"తర్వాత?"

"తర్వాత... అన్నయ్య మళ్ళీ ఎత్తలేదు."

"నేనడిగేది అన్నయ్య సంగతి కాదు. మీ అక్క వచ్చి అమ్మని పెంటలో ఉంచానని నన్ను కడిగేసినప్పుడు మీరు ఆ కుర్చీలో ఉన్నారు. అమ్మని కుర్చీబండిలో తీసుకుపోతుంటే తలుపు పట్టుకున్నారు. సూపు గిన్నె తోసేసినప్పుడు నా పక్కనే ఉన్నారు. అప్పుడు మీ నోట్లో ఏముంది?"

గ్వాంగ్‌తే ఆల్చిప్పల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నువ్వు అయిపోయావే అప్పటికే," అన్నాడు. "నడుం వంగిపోయింది. మంచం పక్కనే కూర్చుని నిద్రపోయేదానివి. అమ్మకంటే ముందు నువ్వే పోతావేమోననిపించింది. అక్క తీసుకుపోతానంటే... పోనీ అనుకున్నాను. గొట్టం సంగతి చెబితే అమ్మ ఇక్కడే ఉండేది. నువ్వు ఒప్పుకునేదానివి కాదు పంపడానికి."

యాంగ్‌సూన్ నవ్వింది. నవ్వు పెదవి దాటి రాలేదు.

"అంటే నా మీద ప్రేమతోనే చేశారన్నమాట."

"అవును."

"అమ్మని ఆసుపత్రికి పంపాలనుకుంటే నోరు తెరిచి 'పంపుతున్నాను' అనాల్సింది. అది కొడుకు పని. ఆ పాపం మీరు మొయ్యలేక, నా చేతికి కంపు పూశారు. రెండేళ్ళు నా చెయ్యి నేనే వాసన చూసుకున్నాను. అన్నం కలుపుకునే ముందు వాసన చూసుకునేదాన్ని. తెలుసా మీకు?"

తెలుసు. తలుపు సందులోంచి ఎన్నోసార్లు చూశాడు.

పదింటికి ఇంకా పదిహేను నిమిషాలుండగానే తలుపు గంట మోగింది. జోమ్‌రేకి ఎక్కడికైనా ముందే వెళ్ళి లోపాలు వెతకడం అలవాటు. డెబ్భై ఏళ్ళ మనిషి, గులాబిరంగు రబ్బరు చేతితొడుగులు చంకలో పెట్టుకుని, పై వాటా తాళం చూసి కిందికి వచ్చింది.

"ఎక్కడ చచ్చారంతా? బోంగిమ్! ఇక్కడేం చేస్తున్నావు, ఈ... ఇంట్లో?" అని ముక్కు చిట్లించింది. "అబ్బా, ఇంకా పోలేదూ ఈ కంపు! మనిషి పోయి రెండేళ్ళయినా కడుక్కోలేదన్నమాట."

"రండి వదినా," అంది యాంగ్‌సూన్ తలవంచి, ఎంతో మర్యాదగా. "కంపు ఎక్కడిదో చూపిస్తాను. మీరే చూడాలి. నేను చెబితే నమ్మరు."

"నిచ్చెన ఎక్కాలా? నా మోకాళ్ళు!"

"రెండు మెట్లు చాలు. మీ తమ్ముడు పట్టుకుంటారు."

గ్వాంగ్‌తే కదల్లేదు. యాంగ్‌సూన్ అతని చేతిలోంచి సంచీ తీసుకుని పక్కన పెట్టింది. అతను వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. జోమ్‌రే సణుగుతూ రెండు మెట్లెక్కి, మేస్త్రి అందించిన టార్చి పుచ్చుకుని, మూతలోంచి తల పెట్టింది. వెంటనే సణుగుడు ఆగిపోయింది.

"అదేమిటో చెప్పండక్కా," అంది యాంగ్‌సూన్.

బోంగిమ్ ముందుకి వచ్చింది. చేతులు ఏప్రానులో నలుపుకుంటూ, వంగి ఉన్న ఆ గొట్టం వైపు చూడకుండా అంది. "వదినా... ఆ కంపు మా గొట్టానిది. యాంగ్‌సూన్ చేతిది కాదు. అమ్మని... అమ్మని దీని చేతుల్లోంచి లాక్కుపోయింది నా నోరే."

యాంగ్‌సూన్ రెండేళ్ళు కలగన్న మాటలు అవి. అచ్చం అవే వచ్చాయి, ఒక్క అక్షరం తప్పకుండా. ఆకలి మాత్రం తీరలేదు.

జోమ్‌రే తల ఇంకా కప్పులోనే ఉంది. ఆమె గొంతు అక్కడి నుంచే వచ్చింది, మొదటిసారి చిన్నబోయిన గొంతు.

"ఇంతకాలం నేను ఈ పిల్లని..." అని ఆగిపోయింది. టార్చి వెలుగు అటూ ఇటూ తిరిగింది. "ఇక్కడ తాడుంది. ఎవరు కట్టారిది?"

"ఎవరో పనివాడు కట్టి ఉంటాడు వదినా, దిగండి, మోకాళ్ళు నొప్పి చేస్తాయి," అంది బోంగిమ్ గబగబా. అంటూనే యాంగ్‌సూన్ వైపు చూసింది. ఆ చూపులో బేరం స్పష్టంగా ఉంది. నువ్వడిగింది నేనిచ్చాను, ఇక్కడితో వదిలెయ్, నీ మొగుడి పరువు నీకు మిగులుతుంది.

గ్వాంగ్‌తే తల ఎత్తాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో అతను అలా బతిమాలుతూ చూడడం ఆమె ఎరగదు.

ఒక్క మాట మింగితే చాలు. కిమ్‌చి గిన్నెలో చెయ్యి పడుతుంది. వదిన క్షమాపణ చెబుతుంది. మొగుడు జన్మంతా కుక్కిన పేనులా పడుంటాడు. అన్నీ దక్కుతాయి. నలభై ఒక్క రోజులు ఇంటికెప్పుడని అడిగిన మనిషికి తప్ప అందరికీ అన్నీ దక్కుతాయి.

"పనివాడెవరూ రాలేదు వదినా," అంది యాంగ్‌సూన్. "తాడు కింద మడిచిన గుడ్డ లాగి చూడండి, మా ఇంటిదే. కట్టినాయన మీ కాళ్ళ దగ్గరే ఉన్నాడు, నిచ్చెన పట్టుకుని. ఎందుకు కట్టాడో, కట్టి ఎందుకు నోరు మూసుకున్నాడో ఆయన్నే అడగండి."

జోమ్‌రే కప్పులోంచి తల బయటికి తీసి కిందికి చూసింది.

"గ్వాంగ్‌తే?"

ఆమె కాళ్ళ కింద నిచ్చెన వణకడం మొదలుపెట్టింది.